కోలి అంగిలి

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం కొండల నడుము దాకా దిగి కూర్చుంది. వాన కురవదు, ఎండ రానివ్వదు. లంబాసా చక్కెర మిల్లు పొగ పైకి లేవలేక చెరకు తోటల మీదే పరుచుకుంది. గాలి లేదు. కూలీ లైను గదుల ముందు పొయ్యిలు అప్పుడే రాజుకుంటున్నాయి.

కోలి గంజికి రాలేదు.

కోలి నా కుక్క. నాది అన్నానే గానీ లైనంతా తిప్పి తిప్పి అన్నం పెట్టిన కుక్క. పడుకునేది మాత్రం నా గుమ్మంలో. టాబియా అనే పల్లెకి అవతలి ఊరివాడు, సెరు అనే ఫిజీ మనిషి, ఒక పాత చొక్కా పుచ్చుకుని పిల్లగా ఇచ్చాడు. ఇదేమిటని చేయి చూపించి అడిగితే "కోలి" అన్నాడు. వాళ్ళ మాటలో కోలి అంటే కుక్కే. నేను పేరనుకున్నాను. ఆర్కాటు నుంచి వచ్చినవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. అరవంలో కోళి అంటే కోడట. "గోవిందూ, నీ కోడి గుడ్డెట్టిందా?" అని ఇప్పటికీ అడుగుతారు.

కట్టెల మోపు వెనక దొరికింది. తల నేలకి వేలాడేసి నిలబడి ఉంది. నోరు సగం తెరుచుకుని ఉంది. జొల్లు తీగలా సాగి నేలని తాకుతోంది.

కుక్క నోరు తెరవడం వింత కాదు. దానికి మనకిలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కాస్త తడి, అంతే. మిగిలిన వేడంతా నాలుక మీదుగా పోవాలి. చెవి పట్టి చూస్తే వేడిగా ఉంది. అదీ వింత కాదు. కుక్క ఒళ్ళు మన ఒంటికంటే ఎప్పుడూ ఒక పిసరు వేడే. తెలియనివాడు జ్వరమనుకుంటాడు. కానీ రొప్పే కుక్కకి డొక్కలు ఎగురుతాయి, నాలుక ఆడుతుంది. కోలి డొక్కలు ఆడడం లేదు. పైగా చలిపొద్దు. వేడి వదిలించుకోవాల్సిన పనే లేదు.

చిప్పలో నీళ్ళు పెట్టాను. మూతి దగ్గరికి తెచ్చింది. నీళ్ళు తగలగానే ఉలిక్కిపడి వెనక్కి పోయింది.

నీళ్ళని చూసి వెనక్కి పోయే కుక్కంటే మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. నేను లేచి రెండడుగులు వెనక్కి వేశాను.

అప్పుడే మంగమ్మ వదిన గంజి పట్టుకుని వచ్చింది. పక్క గది పైడయ్య అన్న భార్య. పైడయ్యా నేనూ ఒకే ఓడలో వచ్చాం. ఇక్కడ ఒక ఓడలో వచ్చినవాళ్ళు అన్నదమ్ములు. కులం అడిగేవాడు లేడు, కంచం ఒకటే.

"ఏటి మరిదీ, నీ కోడి మూతి ఏలాడేసింది? నువ్వేటైనా అన్నావా?"

"దగ్గరకి ఎల్లకు వదినా."

"పోనీ, నన్నేటి సేస్తాది?"

నా నోటి మాట నోట్లో ఉండగానే ఆమె వంగి, కొంగుతో జొల్లు తుడిచి, కింది దవడ పట్టి పైకి ఎత్తింది. కోలి కీచుమంది. తల విదిల్చింది. వదిన చేయి లాక్కునేసరికి బొటనవేలి మొదట్లో రెండు గాట్లు. నెత్తురు చుక్కలు చుక్కలుగా పడింది.

ఆమె అరవలేదు. నీళ్ళ పీపా దగ్గరికి పోయి సబ్బు పెట్టి రుద్ది కడుక్కుంటోంది. అది గురువులు మావ చూశాడు.

గురువులు మావది బొబ్బిలి వైపు. లైన్లో ఎవరికి కడుపు నొచ్చినా, చెరకు కత్తి తగిలినా ఆయన ఆకే. ఆస్పత్రికి పోతే తిరిగి వస్తామో రామో అన్న అనుమానం మాలో చాలామందికి ఉండేది. ఆయన మీద లేదు. ఆయన వదిన చేయి చూశాడు. కట్టెల వెనక కుక్కని చూశాడు. నేను పెట్టిన నీళ్ళ చిప్ప నిండుగా ఉండడం చూశాడు.

"తాగనేదేట్రా?"

నేను కోలి వైపు చూశాను.

"గోవిందూ, నిన్నే. తాగిందా నేదా?"

"నేదు మావా."

"పిచ్చి," అన్నాడు. గట్టిగా అనలేదు. కానీ ఆ మాట లైను ఆ చివరికి అరిచినట్టే చేరింది. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లల్ని లోపలికి లాగారు. పీపా దగ్గర ఉన్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి దూరం జరిగారు. వదిన చేయి కడుక్కున్న చోట నేల తడిసింది. ఆ తడిని దాటడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు.

పైడయ్య అన్న పరుగున వచ్చి ఆమెని గదిలోకి తీసుకుపోయాడు. తను బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమెని జనం నుంచి కాస్తున్నాడో, జనాన్ని ఆమె నుంచి కాస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకీ తెలియదనుకుంటాను.

కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు భగవాన్ కర్ర పట్టుకుని వచ్చాడు. హిందూస్తానీవాడు. "కొట్టి పారెయ్యండి. తెల్లదొర చెవిన పడితే లైనంతా మూయిస్తాడు, నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు హిందీలో.

"సర్దార్, కొట్టొద్దు," అన్నాను. "సచ్చిన కుక్క ఏటీ సెప్పదు. కట్టేసి సూద్దాం. పిచ్చిదైతే అదే సస్తాది. సావకపోతే వదినకి భయం నేదు. ఇప్పుడు కొట్టీసినామంటే ఎప్పటికీ తెల్దు."

నేను అంత పొడుగు మాట్లాడడం లైన్లో అంతకుముందు ఎవరూ వినలేదు. అందుకే నమ్మలేదు.

"నీ కుక్క కాబట్టి అలగంతన్నావు," అన్నాడు గుంపులో ఒకడు.

"ఆడదాని పేణం కంటె కోడి పేణం ఎక్కువైపోనాది," అన్నాడు ఇంకొకడు.

గురువులు మావ నన్నే చూస్తున్నాడు. "కుక్క సంగతి తరవాత. ముందు మంగమ్మ గుంట సంగతి సూడాలి. విషం నెత్తికెక్కీలోపు మందు పడాలి." పైడయ్య వైపు తిరిగాడు. "ఉమ్మెత్త ఎక్కడుందో నాకు ఎరుకే. గాడిదల సాల ఎనక. తెచ్చి నూరతాను."

పైడయ్య అన్న తల ఊపాడు. మావ వెళ్ళిపోయాడు.

ఉమ్మెత్త కూడా విషమే. మా ఊళ్ళో ఆ మందు తాగినవాళ్ళని చూశాను. బట్టలు చింపుకుంటారు. లేనివాళ్ళతో మాట్లాడతారు. ఒకడు బతికాడు. ఒకామె తెల్లారేసరికి కట్టె. ఆమెని కరిచిన కుక్క తర్వాత ఊరి చెరకు బండి కింద పడి చచ్చిందే గానీ పిచ్చెక్కి చావలేదు. కుక్క చంపిందో ఆకు చంపిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఎవరిని అడగాలి?

ఇంతలో చర్చి నుంచి పోతూ సెరు ఆగాడు. ఉతికిన చొక్కా, మోకాలి దాకా తెల్ల సులు గుడ్డ, చేతిలో బైబిలు. సంగతేమిటని అడిగాడు. వచ్చీరాని హిందీలో చెప్పాను. కుక్కకి పిచ్చి పట్టడమనే మాట వాడికి అర్థం కాలేదు. రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను.

"కుక్కకి తల తిరిగిందా? మత్తెక్కేలా యంగోనా తాగిందా?" అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మొహం సర్దుకున్నాడు. "మా తాత అడవిపందుల వేటకి కుక్కల మంద పెంచాడు. మా నాన్నా అంతే. నన్ను ఎన్ని కరిచాయో చూడు," అని పిక్కలు చూపించాడు. "కుక్క కరిచి మనిషికి తల తిరగడం మా దీవిలో వినలేదు. దానికి మా దగ్గర మాటే లేదు."

ఆ మాట పైడయ్య అన్నకి చెప్పాను. ఆయన కళ్ళలో ఏదో కదిలింది. పక్కనున్నవాడు వెంటనే అన్నాడు:

"ఆడిచ్చిన కుక్కే కదేటి. ఆడు మరేటంతాడు?"

నిజం చెప్పాలంటే నాకూ నమ్మకం కుదరలేదు. కుక్క ఎక్కడైనా కుక్కే. సముద్రం దాటితే దాని లోపలి పేగులు మారతాయా? సెరు అబద్ధమాడే మనిషి కాదు. అయినా వాడు చూడనిది లేదని ఎలా అనుకోను?

గురువులు మావ కొబ్బరి చిప్పలో పచ్చటి ముద్ద పట్టుకుని వచ్చాడు. బెల్లం కలిపి, నీళ్ళు పోసి, వేలితో తిప్పుతున్నాడు.

"పైడయ్యా, ఇది తాగింతరవాత ఆవిడ పిచ్చి మాటలు ఆడతాది. కట్టీయాల. గొంతు ఎండిపోతాది, నీళ్ళు దిగవు. అదురుకోకు. విషం బయటికి ఎల్తన్నట్టు లెక్క."

"మావా," అన్నాను. "మందు తాగినాక నీళ్ళు దిగవంతన్నావు. పిచ్చికుక్క కరిసినా నీళ్ళు దిగవు. రేపు వదినకి నీళ్ళు దిగకపోతే, అది కుక్కదో నీ ఆకుదో ఎవలు సెప్తారు?"

మావ వేలు ఆగింది.

"మా తమ్ముడు," అన్నాడు. చిప్పలోంచి వేలు తీసి, "మా తమ్ముడికి మందు ఎయ్యనేదు. సూద్దాం, సూద్దాం అన్నారు మా అయ్య. నీలాగే. ఆడు సచ్చిన సావు నువ్వు సూడనేదు గోవిందూ. నాను కాళ్ళు పట్టుకున్నాను."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. చిప్పలోది అంచు దాటి ఆయన మణికట్టు మీదికి కారింది.

తలుపు లోపలి నుంచి వదిన గొంతు వినిపించింది. అంతసేపూ అంతా వింటోందన్నమాట.

"మరిదీ."

"ఏటి వదినా?"

"నాను దాని మూతి ముట్టుకుంతే కరవనేదు. దవడ ఎత్తితే కరిసింది. ఎత్తినప్పుడే కీసుమంది. దాని నోట్లో ఏటుందో సూసి రా. సూసి సెప్పు. ఏటీ నేదంతే మావ సేతి మందు తాగుతాను. అంతదాకా తలుపు తియ్యను."

లోపల గడియ పడిన చప్పుడైంది. పైడయ్య అన్న ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగాడు.

"బేగి సూడు," అన్నాడు నాతో. "నిజం సెప్పు. నీ కుక్క కోసం అబద్ధమాడినావంతే..." మాట పూర్తి చేయలేదు.

గోనెసంచి చేతికి చుట్టుకున్నాను. కట్టెల మోపు వెనక్కి పాకాను. భయం లేదంటే అబద్ధం. కోలి నన్ను చూసి తోక ఒకసారి నేలకి కొట్టింది. పిచ్చికుక్క యజమానిని ఎరగదంటారు. మొదట్లో ఎరుగుతుందనీ అంటారు. రెండూ విన్నాను. ఏది నమ్మాలి? ముక్కు తడిగా ఉంది. తడిముక్కు కుక్కకి మంచిదంటారు గానీ, జొల్లుతో తడిసిందేమో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కట్టెల దుమ్ములో ఎవరి కళ్ళు ఎర్రబడవు? ఏ గుర్తు చూసినా రెండు వైపులా మాట్లాడుతోంది.

ముందుకాలు ఎత్తి మూతిని గీరుకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఒకే వైపు.

మొహం దగ్గరికి పెట్టాను. వాసన కొట్టింది. కుళ్ళు వాసన, దాని కింద పులిసిన తీపి. చెరకు పాకం పాడైతే వచ్చే వాసన. పిచ్చికి వాసన ఉంటుందని ఎవరూ చెప్పగా వినలేదు.

"అన్నా," అని కేకేశాను. "ఇక్కడ సీకటి. వెలుగులోకి లాగాల. ఎవలైనా పట్టాల."

ఎవరూ కదలలేదు. పైడయ్య అన్న ఒక్కడే తలుపు వదిలి వచ్చాడు.

"నన్నూ కరిస్తే?"

"మావ ముగ్గురికీ కలిపి నూరతాడు."

ఆయన నవ్వలేదు. కోలి మెడా భుజాలూ ఒడిసి పట్టాడు. వెలుగులోకి ఈడ్చాం. దాని గుండె ఆయన ముంజేతికి తగిలి దడదడలాడుతోంది. "గుండె పగిలిపోద్దేట్రా దీనికి?" అన్నాడు. కుక్క గుండె మన గుండెకంటే ఎప్పుడూ తొందరగానే కొట్టుకుంటుంది, భయపడితే ఇంకాను అని చెప్పాను. ఆయన విన్నాడో లేదో. గోనె చేత్తో పై మూతి పట్టి, రెండో చేత్తో కింది దవడ మెల్లగా వంచాను.

ముందు కోరలు బాగున్నాయి. నాలుక వాచి ఉంది. ఇంకా లోపలికి చూశాను. కుక్కకి పైన, అటూ ఇటూ, ఎముక కొరికే పెద్ద కత్తెర పళ్ళుంటాయి. ఆ రెంటి మధ్య, పైకప్పుకి అడ్డంగా, పసుపుపచ్చగా ఏదో దూలంలా ఉంది.

"అంగిలి!" అని అరిచాను. "అంగిలి! అంగిలి!"

వెనక గుంపు ఒక్కసారి అదిరింది. "ఎంగిలి తగిలీసినాది! ఓలమ్మా, ఎంగిలి తగిలీసినాది!" అని ఒకామె గొల్లుమంది. తొక్కుకుంటూ వెనక్కి పోయారు. పైడయ్య అన్న చేతులు మంట అంటుకున్నట్టు వదిలేసి, తన అరచేతులు చూసుకుంటున్నాడు. కోలి తల జారి నా మోకాలికి కొట్టుకుంది.

"ఎంగిలి కాదన్నా! అంగిలి! నోటికప్పు! పైన అడ్డం పడింది!" అని నా నోరు తెరిచి వేలితో చూపించాను.

ఆ వేలు జొల్లు అంటిన చేతిదని నేను చూసుకోలేదు. గుంపు చూసింది. వదిన నుంచి జరిగినట్టే ఇప్పుడు నా నుంచీ జరిగారు. సర్దారు కర్ర నా వైపే ఉంది.

పైడయ్య అన్న ఒకసారి నన్ను చూశాడు. ఒకసారి మూసిన తలుపు వైపు చూశాడు. మళ్ళీ వంగి, కుక్క మెడ పట్టాడు.

బొటనవేలు లోపలికి పెట్టి, ఆ దూలం చివర పట్టి తోశాను. రాలేదు. కోలి ఒళ్ళంతా బిగుసుకుంది. పళ్ళు నా వేలి మీద ఆనాయి. ఆనాయి, దిగలేదు. ఇంకో వైపు నుంచి తోశాను. టప్పుమని ఊడింది. వెంట చీమూ నెత్తురూ వచ్చాయి.

చెరకు పెచ్చు. గనుపు దగ్గరి గట్టి ముక్క. తోటలో మేం నమిలి పారేసినవి తీపికి ఆశపడి లైను కుక్కలన్నీ కొరుకుతాయి. దాని రెండు కొసలూ అంగిట్లో గుంటలు చేశాయి.

కోలి దవడలు మెల్లగా కలిశాయి. మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. చిప్ప దగ్గరికి తీసుకుపోయాను. కుక్క నీళ్ళు పీల్చదు. నాలుకని వెనక్కి మడిచి, దొన్నెలా చేసి తోడుకుంటుంది. దాని నాలుక వాచి, తోడిన నీళ్ళు సగం పక్కకే పోయాయి. ముక్కులోకి పోయి తుమ్మింది. అయినా తాగింది. లైనంతా ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు విన్నది.

పెచ్చు పట్టుకుపోయి గురువులు మావకి చూపించాను. ఆయన తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"నిజమే," అన్నాడు. తర్వాత మెల్లగా, "పుల్ల ఉందని పిచ్చి నేదని కాదు గోవిందూ. రెండూ ఉండొచ్చు. మా తమ్ముణ్ణి కరిసిన కుక్కా ముందు నీళ్ళు తాగింది," అన్నాడు.

ఆ మాట అబద్ధమని అనలేను, నిజమని అనలేను. పైడయ్య అన్న నా మొహం కేసి చూస్తున్నాడు. నేను నేల చూశాను.

గడియ తీసిన చప్పుడైంది. వదిన బయటికి వచ్చింది. చేతికి తెల్ల గుడ్డ కట్టుకుంది. ఎవరినీ పలకరించకుండా పెచ్చు తీసుకుని చూసింది. కట్టు జరిపి, దాన్ని తన బొటనవేలి గాట్ల పక్కన పెట్టి చూసింది. కుక్క దగ్గరికి పోయి ఎదురుగా నిలబడింది. కోలి తోక ఆడించింది.

"నాకు ఏటైనా అయితే," అంది మావతో, "ఎందుకైందో తెలియాల. తెలివి ఉండగా తెలియాల. ఆ ఆకు తాగి తెలివి తప్పి సావను మావా. సస్తే తెలివితో సస్తాను."

"పైడయ్యా, నీ పెళ్ళానికి సెప్పు," అన్నాడు మావ.

పైడయ్య అన్న ఆమె చేతి కట్టు చూశాడు. "ఆవిడ సేయి, ఆవిడ గొంతు," అన్నాడు. "ఆవిడిష్టం."

వదిన మావ చేతిలోంచి కొబ్బరి చిప్ప తీసుకుంది. లాక్కోలేదు. పెద్దవాళ్ళ దగ్గర పుచ్చుకున్నట్టు రెండు చేతులా పుచ్చుకుంది. తీసుకుపోయి పొయ్యి బూడిద గుంటలో పోసి, పైన బూడిద కప్పింది.

సర్దారు ఏదో గొణిగాడు. కుక్కని గొలుసు వేసి నా గదికే కట్టాలనీ, వదలకూడదనీ, ఎవరికీ చెప్పకూడదనీ అన్నాడు. కట్టాను. సెరు అంతదాకా అక్కడే నిలబడి ఉన్నాడు. పెచ్చు చూసి తల ఊపి, బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గుంపు చెదిరింది. పీపా దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ మధ్యాహ్నం వాళ్ళంతా వాగు నీళ్ళే తెచ్చుకున్నారు.

వదిన వంట చేసింది. అన్నం, పప్పు, చేమాకు పులుసు. నన్ను పిలిచింది. గురువులు మావ గడప బయటే నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెళ్ళడు.

"రా మావా," అంది.

వచ్చి కూర్చున్నాడు. నలుగురికీ ఒకే కుండలోంచి ఆమే వడ్డించింది. గుడ్డ కట్టిన చేయి వెనక్కి దాచుకోలేదు. తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. ముద్ద ముట్టకముందు నీళ్ళ చెంబు ఎత్తింది. ఎత్తి పోసుకోలేదు. చెంబు కరిచి, మా ముగ్గురినీ చూస్తూ తాగింది. మేం ముగ్గురం ఆమె గొంతు చూస్తున్నాం. ఒక గుటక దిగింది. ఇంకొకటి దిగింది. చెంబు పైడయ్య అన్న ముందు పెట్టింది.

ఆయన దాన్ని కాసేపు చూశాడు. తీసుకుని తనూ అలాగే కరిచి తాగి, నాకిచ్చాడు. నేను తాగి మావకిచ్చాను. మావా చెంబు కరిచే తాగాడు.

అన్నం కలుపుకున్నాం. నములుతూ, మింగుతూ, ఒకరి గొంతు ఒకరం చూసుకుంటూ కుండ అడుగు కనిపించేదాకా తిన్నాం.